యోకోహామా, కోబే, నాగసాకి: జపాన్ రేవు నగరాల్లో మీ ప్రయాణానికి ఏది సరిపోతుంది?

జపాన్ యాత్రకు సిద్ధమయ్యే వారిలో చాలామంది టోక్యో, క్యోటో, ఒసాకా పేర్లను ముందే ఖాయం చేసుకుని, మిగిలిన రెండు మూడు రోజులకు సముద్రపు ఒడ్డున ఉన్న మరో నగరాన్ని చేర్చాలనుకుంటారు. అప్పుడు ఎదురయ్యే పేర్లు సాధారణంగా మూడు: యోకోహామా, కోబే, నాగసాకి. ఫొటోల్లో చూస్తే మూడింటికీ పెద్దగా తేడా కనిపించదు. మూడు చోట్లా ముందు ఓడరేవు, వెనుక కొండ, కొండవాలున పంతొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య వర్తకుల ఇళ్ళు, దిగువన చైనా వీధి, రాత్రివేళ దీపాల వరుసలు ఉంటాయి. జపాన్‌లో పేరున్న మూడు చైనా వీధులూ ఈ మూడు నగరాల్లోనే ఉన్నాయి. ఈ పోలికకు కారణం చరిత్రలో ఉంది. 1858లో అమెరికా, యూరప్ దేశాలతో జపాన్ చేసుకున్న ఒప్పందాల ఫలితంగా యోకోహామా, నాగసాకి రేవులు 1859లోనూ, కోబే 1868 జనవరి 1న విదేశీ వర్తకానికి తెరుచుకున్నాయి. అయితే అక్కడ నడిచి తిరిగే మనిషికి ఈ మూడూ ఏమాత్రం ఒకే అనుభవాన్ని ఇవ్వవు. యోకోహామాను ఒక పగటిలో హాయిగా చూసి రావచ్చు, కోబేలో విడిది చేసి చుట్టుపక్కల ఊళ్ళు తిరగవచ్చు, నాగసాకికి మాత్రం ప్రత్యేకంగా సమయం కేటాయించుకుని వెళ్ళాలి. కాబట్టి ఏ నగరం గొప్పదన్న చర్చ కన్నా, మీ చేతిలో ఎన్ని రాత్రులు ఉన్నాయన్న లెక్కే ఈ ఎంపికను ఎక్కువగా తేలుస్తుంది.

## ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

మొదటిది, ఆ నగరం మీ దారిలో ఉందా లేదా అన్నది. జపాన్ రైళ్ళు వేగంగా నడుస్తాయి గాని, వాటి టిక్కెట్లు చవక కావు. జపాన్ రైల్వే (జేఆర్) రైళ్ళలో దేశమంతటా చెల్లే ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. అంతకు ముందు "పాస్ ఉంది కదా, ఇంకొంచెం దూరం వెళ్దాం" అనుకోవడం సబబుగానే ఉండేది. ఇప్పుడు ప్రతి దూర ప్రయాణానికీ విడిగా లెక్క వేసుకోవడం మంచిది. పాత సలహాలను నమ్మి పాస్ కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. టోక్యో, ఒసాకాల మధ్య ఒకసారి వెళ్ళి రావడానికే అయితే ఆ పాస్ ధర గిట్టుబాటు కాదు.

రెండవది తిండి. మాంసాహారులకు మూడు చోట్లా లోటు ఉండదు. శాకాహారులకు మాత్రం జపాన్‌లో ప్రధానమైన చిక్కు మాంసం ముక్కల వల్ల కాక చారు వల్ల వస్తుంది. కూరగాయలతోనే వండినట్టు కనిపించే నూడుల్స్‌లోనూ, పులుసుల్లోనూ ఎండు చేపతో కాచిన దాషీ రసం ఉండటం మామూలు. రామెన్ చారులో పంది ఎముకల రసం సర్వసాధారణం. ఈ కారణంగా, భారతీయ భోజనశాలలు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నాయా లేదా అన్నది పెద్దవారితో ప్రయాణించే తెలుగు కుటుంబాలకు చిన్న విషయం కాదు.

మూడవది నడక. ఈ నగరాలన్నీ కొండల పాదాల వద్ద వెలసినవే కనుక, చూడదగిన చోట్లలో కొన్ని ఎత్తున ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న వారు, చిన్నపిల్లలను బండిలో తోసుకుంటూ తిరిగేవారు దీన్ని ముందే ఆలోచించాలి. నాలుగవది, మీరు దేన్ని చూడటానికి వెళ్తున్నారన్నది. నౌకల చుట్టూ అల్లుకున్న ఆధునిక నగరాన్నా, కొండా సముద్రమూ కలిసిన ప్రకృతినా, లేక నాలుగు శతాబ్దాల చరిత్రనా? చివరిది రుతువు. అయితే మూడు నగరాల మధ్య వాతావరణంలో ఉన్న తేడా కొద్దిపాటిదే కనుక, ఎంపికలో దాని పాత్ర తక్కువ.

| విషయం | యోకోహామా | కోబే | నాగసాకి |
|---|---|---|---|
| జనాభా | సుమారు 37 లక్షలు | సుమారు 15 లక్షలు | సుమారు 4 లక్షలు |
| చేరువలోని పెద్ద కేంద్రం | టోక్యో, రైలులో సుమారు 25 నిమిషాలు | ఒసాకా, రైలులో 20 నుంచి 30 నిమిషాలు | ఫుకుఓకా, రైలులో దాదాపు గంటన్నర |
| కనీస సమయం | ఒక పగలు, సాయంత్రం | ఒక పగలు. ఒక రాత్రి ఉంటే మేలు | రెండు రాత్రులు |
| శాకాహారం | సులువు | సులువు | కష్టం |
| నడక | రేవు ప్రాంతం చదును | కొండవాలు కొంత, బస్సు ఉంది | ఎత్తుపల్లాలు ఎక్కువ, ట్రామ్ ఉంది |
| ప్రధాన ఆకర్షణ | రేవు ఒడ్డు, నౌకలు, పిల్లల వినోదం | కొండ, వేడినీటి బుగ్గలు, చుట్టుపక్కల ఊళ్ళు | చరిత్ర |

## యోకోహామా: టోక్యోలో ఉంటూనే చూసి రాగల నగరం

దూరం విషయంలో యోకోహామాకు పోటీ లేదు. టోక్యో స్టేషన్ నుంచి తొకాయిదో మార్గపు రైలు ఎక్కితే దాదాపు 25 నిమిషాల్లో, సుమారు 500 యెన్‌ల టిక్కెట్టుతో చేరుకోవచ్చు. షిబుయా వైపు విడిది చేసినవారికి తోయోకో మార్గపు రైళ్ళు నేరుగా చైనా వీధి పక్కనున్న స్టేషన్ దాకా వెళ్తాయి. హనేదా విమానాశ్రయం నుంచి కూడా కేయిక్యూ రైలులో అరగంట లోపే. తిరుగు ప్రయాణంలో విమానం హనేదా నుంచే ఉంటే, చివరి రాత్రి యోకోహామాలో గడపడం తెలివైన పని. నరీతా నుంచి మాత్రం దాదాపు గంటన్నర పడుతుంది.

జనాభాలో ఇది టోక్యో తర్వాత జపాన్‌లోనే అతిపెద్ద నగరం. అయితే యాత్రికునికి పనికివచ్చే భాగం సకురగిచో స్టేషన్ నుంచి యమషిత పార్కు దాకా ఉన్న రేవు ఒడ్డు మాత్రమే. ఆ దారంతా చదునుగా ఉంటుంది. మధ్యలో 1911, 1913 సంవత్సరాల్లో పూర్తయిన రెండు ఎర్ర ఇటుక గిడ్డంగులు దుకాణాలుగా మారి నిలిచి ఉన్నాయి. ఇంకాస్త ముందుకు వెళ్తే ఓసంబాషి నౌకా టెర్మినల్ వస్తుంది. 2002లో కట్టిన ఈ కట్టడపు పైకప్పు మొత్తం అలల్లా ఎగుడుదిగుడుగా పరిచిన చెక్క నేల. దాని మీద ఎవరైనా ఉచితంగా నడవవచ్చు. నగరమంతటినీ నీటి వైపు నుంచి చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. డబ్బు పెట్టి ఎక్కే మెరైన్ టవర్ కన్నా నేను దీనికే మొగ్గుతాను.

యమషిత పార్కును 1923 నాటి మహా కాంతో భూకంపపు శిథిలాలతో సముద్రాన్ని పూడ్చి, 1930లో ప్రారంభించారు. అదే సంవత్సరం తొలి ప్రయాణం చేసిన హికావా మారు అనే ప్రయాణికుల ఓడ ఆ పార్కు పక్కనే లంగరు వేసి, ప్రదర్శనశాలగా మారింది. పార్కు అంచున ఒక గుమ్మటం కింద నీటి కొళాయితో ఉన్న చిన్న మంటపం కనిపిస్తుంది. భూకంపం తర్వాత తమకు అందిన సాయానికి కృతజ్ఞతగా అక్కడి భారతీయ వర్తకులు 1939లో కట్టించి ఇచ్చిన కానుక అది. చాలామంది భారతీయ యాత్రికులు దాన్ని గమనించకుండానే దాటిపోతారు. ముంబయి, యోకోహామాలు 1965 నుంచి సోదర నగరాలు కూడా.

ఇదే భూకంపం, ఆపైన 1945 నాటి వైమానిక దాడులు యోకోహామా పాత రూపాన్ని చాలావరకు తుడిచిపెట్టాయి. దీని బలహీనత అదే. పాత జపాన్‌ను చూడాలనుకునేవారికి ఇక్కడ మిగిలింది ప్రధానంగా సంకేయిఎన్ తోట. పట్టు వర్తకంలో గడించిన హరా తోమితారో అనే సంపన్నుడు పాత కట్టడాలను విప్పించి తెప్పించి, ఆ తోటలో మళ్ళీ నిలబెట్టించి, 1906లో జనానికి తెరిచాడు. అక్కడి మూడంతస్తుల పగోడా క్యోటో ప్రాంతం నుంచి వచ్చినదే. క్యోటోకు వెళ్ళే ఆలోచన లేనివారికి ఈ తోట తప్పక చూడదగినది. క్యోటో ఎలాగూ మీ జాబితాలో ఉంటే, దీన్ని వదిలేసినా నష్టం లేదు.

పిల్లలున్న వారికి యోకోహామా మిగిలిన రెండింటికన్నా ఎంతో సులువైనది. 112.5 మీటర్ల ఎత్తైన కాస్మో క్లాక్ జెయింట్ వీల్, సకురగిచో స్టేషన్ ముందు నుంచి నీటి మీదుగా సాగే తీగ మార్గం, సొంతంగా నూడుల్స్ కప్పు తయారు చేసుకునే కప్ నూడుల్స్ మ్యూజియం అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. శాకాహార కుటుంబాలు ఆ కప్పును తినే వస్తువుగా కాక, పిల్లలు రంగులు వేసిన జ్ఞాపికగా చూసుకుంటే ఇబ్బంది ఉండదు. చైనా వీధి జపాన్‌లోకెల్లా పెద్దది. అక్కడి కాన్‌తేయిబ్యో గుడి రంగులు చూడముచ్చటగా ఉంటాయి గాని, శాకాహారి కడుపు నింపుకునే చోటు మాత్రం కాదు. భారతీయ భోజనశాలలు నగరంలో తగినన్ని ఉన్నాయి. ఐటీ ఉద్యోగాల కారణంగా భారతీయ కుటుంబాలు స్థిరపడిన పేటలు కూడా ఇక్కడ ఉన్నాయి.

ఒక రాత్రి ఉంటే అదనంగా ఏం దక్కుతుందంటే, రేవు దీపాలు చూసి రైలు కోసం పరుగెత్తకుండా ఉండటం, మరునాడు సుమారు 25 నిమిషాల దూరంలోని కామకురాకు వెళ్ళి కంచు బుద్ధుణ్ణి చూడటం. అంతకు మించి ఇక్కడ రాత్రులు గడపవలసిన అవసరం యాత్రికునికి లేదు.

## కోబే: విడిదికి తగిన ఊరు

కోబేను చాలామంది ఒసాకా నుంచి మధ్యాహ్నం వచ్చి, సాయంత్రం వెళ్ళిపోయే ఊరుగా చూస్తారు. అలా చూసినా తప్పేమీ లేదు. ఒసాకా నుంచి కోబేలోని సన్నోమియా స్టేషన్‌కు జేఆర్ వేగపు రైలులో 20 నిమిషాలు దాటి కొద్దిసేపు, హాంక్యూ రైలులో అరగంట లోపు పడుతుంది. టిక్కెట్టు సుమారు 400 యెన్‌లు. అయితే ఈ లెక్కను తిరగేసి చూడాలని నా సలహా. అదే సన్నోమియా నుంచి క్యోటోకు సుమారు 50 నిమిషాలు, హిమెజి కోటకు సుమారు 40 నిమిషాలు. షిన్-కోబే స్టేషన్ నుంచి షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో హిరోషిమాకు గంటకు పైచిలుకు. చెర్రీ పూల కాలంలో, ఎర్రాకుల కాలంలో క్యోటోలో గదులు దొరకడం గగనమైనప్పుడు, కోబేలో విడిది చేసి మూడు వైపులా తిరిగి రావడం ఎంతో హాయిగా సాగుతుంది.

నగరం కొండకూ సముద్రానికీ మధ్య సన్నని పట్టీలా పరుచుకుని ఉంటుంది. అందుకే ఇక్కడ దారి చెప్పేటప్పుడు కొండ వైపు, సముద్రం వైపు అనడం వాడుక. కొత్తవారికి కూడా దారి తప్పే భయం తక్కువ. షింకాన్‌సెన్ స్టేషన్ వెనుక నుంచి పావుగంట ఎక్కితే నునొబికి జలపాతం వస్తుంది. బుల్లెట్ రైలు దిగి పావుగంటలో అడవిలోని జలపాతం ముందు నిలబడే వీలు ఒక మహానగరంలో ఉండటం అరుదు. అదే స్టేషన్ పక్క నుంచి తీగ మార్గంలో మూలికల తోటకు చేరవచ్చు. ఇంకా పైకి వెళ్ళాలనుకుంటే మాయా కొండ మీద కికుసేయిదాయి అనే చోటు ఉంది. హకోదతే, నాగసాకిలతో పాటు జపాన్ మూడు గొప్ప రాత్రి దృశ్యాల్లో ఒకటిగా దీన్ని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు.

కోబేకు భారతీయులతో ఉన్న సంబంధం పాతది, ఇప్పటికీ కంటికి కనిపించేది. 1923 భూకంపం తర్వాత యోకోహామాలోని భారతీయ పట్టు, బట్టల వర్తకులు చాలామంది కోబేకు తరలివచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ముత్యాల వ్యాపారం చేసే జైన కుటుంబాలు కూడా ఇక్కడ స్థిరపడ్డాయి. ఫలితంగా కితానో కొండవాలున పాశ్చాత్య వర్తకుల ఇళ్ళ మధ్యనే 1935లో కట్టిన జపాన్ మొట్టమొదటి మసీదు, 1985లో కట్టిన జైన మందిరం కొద్ది నిమిషాల నడక దూరంలో ఉన్నాయి. ఆ మసీదు నిర్మాణానికి విరాళాలిచ్చిన వారిలో భారతీయ వర్తకులున్నారు. అది 1945 బాంబు దాడులను, 1995 భూకంపాన్ని తట్టుకుని నిలిచింది. ఇదంతా చరిత్ర పాఠంగా మిగిలిపోకుండా యాత్రికుని భోజనం దాకా వచ్చింది. కితానో, సన్నోమియాల మధ్య భారతీయ భోజనశాలలు సులువుగా దొరుకుతాయి. మూడు నగరాల్లో శాకాహార కుటుంబానికి అతి తక్కువ వెతుకులాటతో పూట గడిచేది ఇక్కడే.

కోబే పేరు చెప్పగానే గుర్తుకొచ్చే కోబే బీఫ్ కోసమే ఈ ఊరు రావాలన్నట్టుగా రాసే సలహాలు చాలా ఉన్నాయి. గోమాంసం తినని వారు దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. వారికి ఈ నగరంలో తగ్గేది ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. పెనం మీద ఎదురుగా వండి వడ్డించే శాలల్లో కూరగాయలను కూడా మాంసం కాల్చిన పెనం మీదే వేయించే అవకాశం ఉంటుంది కనుక, పట్టింపు ఉన్నవారు అలాంటి చోట్లకు వెళ్ళకపోవడమే మంచిది.

రేవు ఒడ్డున మెరికెన్ పార్కులో 1963 నాటి ఎర్రని పోర్ట్ టవర్ ఉంది. మరమ్మతుల తర్వాత 2024లో దాన్ని మళ్ళీ తెరిచారు. దాని దగ్గరే విరిగి, వంగి, సగం నీటిలో మునిగిన దీపస్తంభాలతో కొద్దిపాటి రేవు గోడను అలాగే ఉంచేశారు. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు వచ్చిన భూకంపం ఆ గోడను అలా చేసింది. ఆ విపత్తులో 6,434 మంది చనిపోయారు. అప్పటికి ప్రపంచంలోని పెద్ద కంటైనర్ రేవుల్లో ఒకటిగా ఉన్న కోబే మళ్ళీ ఆ స్థానానికి చేరుకోలేదు. ఇంజనీరింగ్ మీద ఆసక్తి ఉన్నవారు పడమటి శివారున ఉన్న అకాషి కైక్యో వంతెనను కూడా చూడాలి. భూకంపం వచ్చే నాటికి దాని బురుజులు లేచి, వాటి మధ్య తీగలు పరిచి ఉన్నాయి. భూమి కదలడంతో బురుజుల మధ్య దూరం దాదాపు ఒక మీటరు పెరిగింది. 1,990 మీటర్లుగా గీసిన మధ్య భాగం 1,991 మీటర్లుగా మారి, దానికి తగ్గట్టు మిగతా పనిని సవరించుకుని 1998లో వంతెనను తెరిచారు.

రెండో రోజు ఉన్నవారికి రొక్కో కొండల వెనుకనున్న అరిమా వేడినీటి బుగ్గలు ఉన్నాయి. సన్నోమియా నుంచి బస్సులోనో, రైళ్ళు మారుతూనో అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఇనుము కలిసి తుప్పు రంగులో ఉండే నీటిని బంగారు నీరని, రంగు లేని నీటిని వెండి నీరని అంటారు. జపాన్ స్నానశాలల్లో ఆడవారికి, మగవారికి విడివిడి గదులున్నా, లోపల బట్టలు లేకుండానే దిగాలి. మన కుటుంబాల్లో చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. అలాంటివారు కుటుంబానికి విడిగా అద్దెకిచ్చే స్నానపు గది ఉన్న సత్రాన్ని ముందే చూసుకోవచ్చు. లేదంటే బంగారు నీటి స్నానశాల బయట ఉచితంగా పాదాలు ముంచుకునే తొట్టెతో సరిపెట్టుకోవచ్చు. పెద్దవారికి చాలాసార్లు ఆ తొట్టే ఎక్కువ నచ్చుతుంది.

కోబే లోటు కూడా చెప్పాలి. ఇక్కడ ఒక్కటంటే ఒక్క మహా దర్శనీయ స్థలం లేదు. హిమెజి కోట, క్యోటో ఆలయాలు పక్క ఊళ్ళవి. కితానో ఇళ్ళలో చాలావాటికి విడివిడిగా ప్రవేశ రుసుము ఉంటుంది. ఒకటి రెండు చూశాక మిగతావి ఒకేలా అనిపిస్తాయి.

## నాగసాకి: దూరం ఎక్కువ, దక్కేదీ ఎక్కువ

దూరమే నాగసాకి మొదటి ఇబ్బంది. టోక్యో నుంచి రైలులో దాదాపు ఒక పగలంతా పోతుంది. హనేదా నుంచి విమానంలో రెండు గంటలే అయినా, విమానాశ్రయం ఓమురా అనే పక్క ఊరిలో ఉండటంతో అక్కడి నుంచి బస్సులో మరో ముప్పావుగంట లెక్క వేసుకోవాలి. ఫుకుఓకాలోని హకాతా స్టేషన్ నుంచి రిలే కమోమే రైలు ఎక్కి, తకేఓ-ఓన్‌సెన్ స్టేషన్‌లో అదే ప్లాట్‌ఫారానికి అటువైపు ఆగి ఉండే షింకాన్‌సెన్‌లోకి మారితే దాదాపు గంటన్నరలో చేరవచ్చు. ఈ చిన్న షింకాన్‌సెన్ మార్గాన్ని 2022 సెప్టెంబరు 23న తెరిచారు. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి ఫుకుఓకా నుంచి బస్సులు ఉన్నాయి. అవి ఇంకో గంట ఎక్కువ తీసుకుంటాయి. ఇంత దూరం వచ్చి ఒక్క రోజులో తిరిగి వెళ్ళడం డబ్బూ ఓపికా రెండూ వృథా చేసుకోవడమే.

మరి ఎందుకు వెళ్ళాలి? మిగిలిన రెండు రేవులు పంతొమ్మిదో శతాబ్దంలో తెరుచుకుంటే, నాగసాకి 1571లోనే పోర్చుగీసు ఓడలకు తెరుచుకుంది. 1636లో పోర్చుగీసువారిని కట్టడి చేయడానికి విసనకర్ర ఆకారంలో దెజిమా అనే కృత్రిమ ద్వీపాన్ని కట్టారు. వారిని వెళ్ళగొట్టాక, 1641 నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా డచ్ ఈస్టిండియా కంపెనీ మనుషులు ఆ ద్వీపంలోనే ఉంటూ వర్తకం చేశారు. యూరప్‌తో జపాన్‌కు అధికారికంగా మిగిలిన ఒకే ఒక్క వాకిలి అది. తెలుగువారికి ఇందులో ఒక సొంత సంబంధం ఉంది. అదే కంపెనీకి పదిహేడో శతాబ్దపు తొలి దశాబ్దం నుంచే మచిలీపట్నంలో వర్తక స్థానం ఉండేది. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు బటావియా (నేటి జకార్తా) మీదుగా దెజిమా చేరాయి. జపాన్ తేనీటి వేడుకల్లో విలువైన పాత్రలను చుట్టిపెట్టడానికి వాడేంత అపురూపంగా వాటిని చూసుకున్నారు. తిరుగు దారిలో జపాన్ రాగి మన తీరానికి వచ్చింది. చుట్టూ నేల పూడిపోయి దెజిమా ఇప్పుడు నగరం మధ్యలో ఉంది. పాత కట్టడాలను ఒక్కొక్కటిగా తిరిగి కట్టారు. మచిలీపట్నం కలంకారీని ఎరిగినవారు అక్కడి వర్తక వస్తువుల గదుల్లో మామూలు యాత్రికుని కన్నా ఎక్కువసేపు నిలబడతారు.

దక్షిణాన కొండ మీద స్కాట్లాండ్ వర్తకుడు గ్లోవర్ కట్టించుకున్న 1863 నాటి ఇల్లు ఉంది. జపాన్‌లో మిగిలిన పాశ్చాత్య శైలి చెక్క ఇళ్ళలో ఇదే అతి పాతది. దిగువనే 1864లో పూర్తయిన ఓఉరా చర్చి ఉంది. క్రైస్తవాన్ని నిషేధించిన రెండున్నర శతాబ్దాల పాటు తమ విశ్వాసాన్ని రహస్యంగా కాపాడుకున్న ఉరకామి పల్లెవాసులు 1865లో ఈ చర్చికి వచ్చి, తాము ఎవరో ఫ్రెంచి ఫాదరీకి చెప్పుకున్నారు. ఆ రహస్య క్రైస్తవుల స్థలాలకు 2018లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

ఆ ఉరకామి మీదే 1945 ఆగస్టు 9 ఉదయం 11 గంటల 2 నిమిషాలకు రెండో అణుబాంబు పేలింది. ఆ రోజు అసలు గురి కోకురా నగరం. అది సరిగా కనిపించకపోవడంతో విమానం నాగసాకి వైపు తిరిగింది. ఆ సంవత్సరాంతానికి చనిపోయినవారు సుమారు 74,000 మంది అని అంచనా. అణుబాంబు మ్యూజియం, పేలుడు కేంద్రాన్ని గుర్తించే నల్లరాతి స్తంభం, శాంతి పార్కు నడక దూరంలోనే ఉన్నాయి. వీటికి సగం రోజు కేటాయించాలి. అదే పూట మరో వినోదాన్ని పెట్టుకోకూడదు. హిరోషిమా చూసినవారికి ఇది అవసరమా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. హిరోషిమాలో స్మారకం నగరం నడిబొడ్డున విశాలంగా ఉంటుంది. ఇక్కడ అది పేటల మధ్య చెల్లాచెదరుగా ఉంటుంది. సన్నో మందిరం ముందు ఒంటికాలి మీద నిలిచిన రాతి తోరణం, కాలిపోయి మళ్ళీ చిగిర్చిన రెండు కర్పూర వృక్షాలు ఇళ్ళ సందుల్లోంచి నడిచి వెళ్తే కనిపిస్తాయి. ఒక్కటే చూడగలిగితే, దారిలో ఉన్న హిరోషిమా చాలు. రెండోది చూస్తే మొదటిదాన్ని మళ్ళీ చూసినట్టు మాత్రం ఉండదు. పదేళ్ళ లోపు పిల్లలను మ్యూజియం లోపలికి తీసుకెళ్ళే ముందు తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి.

హషిమా ద్వీపం, వాడుకలో గుంకన్‌జిమా, ఇంకో ఆకర్షణ. సముద్ర గర్భంలోని బొగ్గు గనుల కోసం ఈ చిన్న దీవి మీద కాంక్రీటు మేడలు కట్టారు. 1960 ప్రాంతంలో ఐదు వేలకు పైగా జనం అక్కడ కిక్కిరిసి బతికారు. 1974లో గని మూతపడగానే అందరూ వెళ్ళిపోయారు. 2009 నుంచి యాత్రికుల పడవలను దిగనిస్తున్నారు. అలలు ఎక్కువగా ఉంటే పడవ దీవిని చుట్టి వస్తుందే గాని ఆగదు. అందుకే దీన్ని నాగసాకిలోని మొదటి రోజుకు పెట్టుకోవాలి. రద్దయితే మరునాడు ప్రయత్నించే వీలుంటుంది. యుద్ధకాలంలో కొరియా, చైనా నుంచి తెచ్చిన మనుషుల చేత ఇక్కడ బలవంతంగా పని చేయించిన చరిత్ర కూడా ఉందని తెలిసి వెళ్ళడం మంచిది.

నగరం లోపల తిరగడానికి 1915 నుంచి నడుస్తున్న ట్రామ్‌లు చాలు. ఎంత దూరమైనా ఒకే టిక్కెట్టు. కొండ మెట్లు మాత్రం చాలా ఉంటాయి. గ్లోవర్ తోటకు ఏటవాలు లిఫ్టు ద్వారా పై నుంచి చేరి, కిందికి దిగుతూ చూడటం మోకాళ్ళకు మేలు. రాత్రి దృశ్యానికి 333 మీటర్ల ఇనాసా కొండకు తీగ మార్గం ఉంది.

శాకాహారులకు ఈ నగరం కష్టమైనది. ఇక్కడి పేరున్న వంటకం చాంపోన్ పంది మాంసం, రొయ్యలు, చేపల ముద్దలతో కూడిన నూడుల్స్. పేరున్న తీపి కస్తెల్లా కేకులో గుడ్లే ప్రధానం. భారతీయ భోజనశాలలు లేకపోలేదు గాని, కోబేలోలా కాళ్ళకు తగలవు. సూపర్ మార్కెట్‌లో దొరికే వేడి చేసుకునే అన్నం, పెరుగు, ఇంటి నుంచి తెచ్చుకున్న పొడులు, పచ్చళ్ళు ఇక్కడ నిజంగా అక్కరకొస్తాయి. మాంసం కలిసిన పదార్థాలు, తాజా పండ్లు మాత్రం జపాన్‌లోకి తీసుకెళ్ళే ప్రయత్నం చేయకండి.

## ఎవరికి ఏది

మొదటిసారి జపాన్ వెళ్తూ వారం రోజులే ఉన్నవారు విడిగా రేవు నగరానికి రాత్రులు కేటాయించనక్కర్లేదు. టోక్యోలో ఎక్కువ రోజులుంటే యోకోహామాకు, ఒసాకాలో ఎక్కువ రోజులుంటే కోబేకు ఒక పగలు వెళ్ళి రండి. రెండింటికీ వెళ్ళి పోల్చి చూడాలన్న కోరిక వదులుకోండి. ఆ రోజును నారాకో నిక్కోకో ఇస్తే మేలు.

తల్లిదండ్రులను, అత్తమామలను తీసుకెళ్ళేవారికి నేను కోబేనే చెబుతాను. మన భోజనం దొరుకుతుంది, రద్దీ ఒసాకా కన్నా తక్కువ, అలసిన రోజు అరిమాకో తీగ మార్గానికో వెళ్ళి రావచ్చు. ఐదారేళ్ళ పిల్లలతో వెళ్ళేవారికి యోకోహామా సరైనది. జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకునో కూతురినో చూడటానికి టోక్యో వెళ్ళి నెల రోజులుండే పెద్దవారికి యోకోహామా రెండు మూడు సార్లు, మెల్లగా, వాతావరణం బాగున్న రోజు చూసి వెళ్ళదగిన చోటు. శీతకాలపు నిర్మలమైన ఉదయాల్లో అక్కడి నుంచి ఫుజి పర్వతం కూడా కనిపిస్తుంది.

చరిత్ర చదివేవారికి, రెండోసారి జపాన్ వెళ్ళేవారికి, ఒంటరిగానో స్నేహితులతోనో తిరిగేవారికి నాగసాకికి సాటి లేదు. రెండు రాత్రులు ఇవ్వగలిగితే, ఆ రెండు రాత్రుల కోసం టోక్యోలో రోజులు తగ్గించుకోవడానికి కూడా నేను వెనుకాడను. ఒక్క రాత్రే ఉంటే మాత్రం వెళ్ళవద్దు.

రుతువుల విషయానికొస్తే, మన వేసవి సెలవుల్లో వెళ్ళేవారు ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా సాగే గోల్డెన్ వీక్ అనే జపాన్ వరుస సెలవుల రద్దీని తప్పించుకుని, ఆ తర్వాతి రోజులను ఎంచుకోవాలి. జూన్‌లో వానలు మొదలవుతాయి. నాగసాకి ఉన్న క్యూషూ ద్వీపంలో అవి మరింత గట్టిగా కురుస్తాయి. ఆగస్టు ఉక్కపోత మన కోస్తా వేసవిని తలపిస్తుంది. సెప్టెంబరులో తుపానుల వల్ల గుంకన్‌జిమా పడవలు, విమానాలు రద్దయ్యే అవకాశం ఎక్కువ. దసరా సెలవుల్లో వెళ్ళగలిగినవారికి అక్టోబరు 7 నుంచి 9 వరకు నాగసాకి సువా మందిరంలో జరిగే కుంచి ఉత్సవం దొరకవచ్చు. అయితే ఆ రోజుల్లో గదులు చాలా ముందే నిండిపోతాయి.

హకోదతే కూడా 1859లో తెరుచుకున్న రేవే గాని, ఉత్తరాన హొక్కయిదోలో ఉన్నందున, ఆ ద్వీపానికి విడిగా వెళ్ళేవారే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నాగసాకిని ఎంచుకున్నవారు విమానం టిక్కెట్లు కొనేటప్పుడే ఒక పని చేయాలి. రానూ పోనూ టోక్యోకే కొనకుండా, టోక్యోలో దిగి ఫుకుఓకా నుంచి తిరుగు విమానం ఎక్కేలా చూసుకోవాలి. బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్ మీదుగా హైదరాబాద్ చేరే వీలు అక్కడి నుంచి ఉంటుంది. అలా చేస్తే టోక్యో, క్యోటో, హిరోషిమా, నాగసాకి ఒకే దిశలో సాగే దారిగా మారి, ఒక రోజూ ఒక షింకాన్‌సెన్ టిక్కెట్టూ మిగులుతాయి.